ఆరు వందల కిలోమీటర్ల అవతలి నీళ్లు

"స్వెట్టర్లు పెట్టుకున్నారా అమ్మా?" అని అడిగాడు కారు డ్రైవరు. విశాఖ సాగర్‌నగర్‌లో మేం దిగిన గది ముందు, జనవరి చివరి ఆదివారం, ఇంకా వెలుతురు రాకముందు. చింతపల్లి వెళ్లాలని ముందు రోజు ఫోనులో చెప్పాను. హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు జనవరిలో చింతపల్లి అంటున్నారంటే లంబసింగి మంచు చూడటానికే అయి ఉంటుందని ఆయన లెక్క. తప్పు ఆయనది కాదు. నా ఫోనులోని మ్యాపు కూడా ముందు మన్యంలోని చింతపల్లినే చూపించింది. మేం వెళ్లాల్సింది సముద్రం ఒడ్డున ఉన్న చింతపల్లికి. అది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో, భోగాపురం దాటాక వస్తుంది. రెండూ విశాఖకు చెరో దిక్కున ఉన్నాయి. ఆయన ఆ మాట అడగకపోతే ఈత దుస్తులతో కాఫీ తోటల్లో దిగేవాళ్లం.

నేను కూకట్‌పల్లిలో ఉంటాను, బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. నాతో వచ్చింది మా అక్క కూతురు, ఇంజినీరింగ్ రెండో ఏడు. వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోపల తిరిగే ఈ స్కూబా డైవింగ్ పిచ్చి మొదట దానిది, నలభై నాలుగేళ్ల వయసులో నాకు అంటించింది. మూడేళ్లలో గోవా ఒకసారి, పుదుచ్చేరి ఒకసారి, విశాఖ రెండుసార్లు తిరిగాం. హైదరాబాదుకు దగ్గరలో డైవింగ్ ఎక్కడ బాగుంటుందని స్టాఫ్ రూములో అడిగే వాళ్లకు ఒక్క మాటలో చెప్పడం నా వల్ల కావడం లేదు.

అసలు చిక్కు 'దగ్గర' అనే మాటలోనే ఉంది. మనకు దగ్గరి సముద్రం బాపట్ల పక్కన సూర్యలంక, లేదంటే మచిలీపట్నం. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఒడ్డున ఉంటాం. కానీ అది కృష్ణా డెల్టా. నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు తప్ప అడుగున పట్టుకోవడానికి ఏమీ లేదు. మునకలు వేయడానికి హాయిగా ఉంటుంది కానీ మునిగి చూడటానికి ఏమీ ఉండదు. తీరం వెంట ఇంకా ఎగువకు, విశాఖకు వెళితే కథ మారుతుంది. తూర్పు కనుమలు అక్కడ సముద్రం దాకా వచ్చేశాయి. ఋషికొండ, తొట్లకొండ, భీమిలి వైపు కొండల్లోని రాయే నీటి కింద కూడా కొనసాగుతుంది. రాయి ఉంటే నాచు పడుతుంది, నత్తలు అతుక్కుంటాయి, సందుల్లో చేపలు కాపురం పెడతాయి. మంగమారిపేట దగ్గర ఆటుపోట్లు చెక్కిన సహజ శిలాతోరణం చూసిన వాళ్లకు నీటి కింద ఎలా ఉంటుందో సగం ఊహ వచ్చినట్టే.

గోవా సంగతి తొందరగా ముగిస్తాను. గ్రాండ్ ఐలాండ్ దగ్గరకు ఒక పడవలో మమ్మల్ని నలభై మందికి పైగా ఎక్కించారు. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. నీళ్లలోకి దింపి, వీపు మీది సిలిండరును పైనుంచి పట్టుకుని, పిల్లిపిల్లను మెడ దగ్గర పట్టుకున్నట్టు అటూ ఇటూ తిప్పి, రెండు ఫొటోలు తీసి పైకి తెచ్చారు. పది నిమిషాలు. ఫొటోల్లో చాలా ధైర్యంగా కనిపిస్తాం. అక్కడ కూడా మంచి శిక్షకులు, మునిగిన ఓడలు ఉన్నాయి, కానీ ఒడ్డున చేయి పట్టి లాగే ఏజెంటు ద్వారా వెళితే దక్కేది ఇదే.

పుదుచ్చేరి దీనికి పూర్తిగా వ్యతిరేకం. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో తాంబరం దిగి, అక్కడి నుంచి తీరం వెంట బస్సులో వెళ్లాం. నీళ్లలోకి వెళ్లే ముందు రోజు సాయంత్రం ఈతకొలనులో రెండు గంటలు నేర్పారు. మాస్కులోకి నీళ్లు వస్తే ఎలా ఊదేయాలి, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జారిపోతే ఎలా వెతికి పట్టుకోవాలి, నీటి కింద సైగలు ఎలా చేయాలి, అన్నీ. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం. మా పిల్ల మొదటిసారి ఆనందంతో బొటనవేలు చూపించి అర నిమిషంలో పైకి వచ్చేసింది. అక్కడ ఒడ్డుకు కొన్ని కిలోమీటర్ల దూరంలో మనుషులు కట్టిన కృత్రిమ దిబ్బ ఉంది, టెంపుల్ రీఫ్ అంటారు. చేపల గుంపులు మేఘాల్లా కదిలాయి. నీటి తేట, శిక్షణ రెండింటిలో మేం చూసిన వాటిలో ఇదే మేలు. కానీ ఖర్చు ఎక్కువ, మనిషికి ఆరున్నర వేలు అయింది. పడవలో వెళ్లేటప్పుడు నాకు వాంతులు కూడా అయ్యాయి. రానూ పోనూ రెండేసి రోజులు. మళ్లీ మళ్లీ వెళ్లగలిగే చోటు కాదు.

ఇక విశాఖ. మొదటిసారి నవంబరులో వెళ్లాం. శనివారం ఉదయం ఆరుంబావుకు ఋషికొండ ఒడ్డుకు చేరేసరికి డైవింగ్ సంస్థ కుర్రాడు ఒకడు కెరటాల వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. మత్స్యకారుల కుటుంబం నుంచి వచ్చినవాడు, ఇరవై అయిదుకు మించి ఉండవు. "ఈరోజు కుదరదు మేడమ్. నీళ్లు బురదగా ఉన్నాయి, లోపల లాగుడు ఉంది" అన్నాడు. రెండు రోజుల క్రితం ఎగువన వానలు పడ్డాయట. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలుస్తుంది, ఇంకా పైన చంపావతి, నాగావళి, వంశధార. ఇన్ని నదుల మట్టి నీళ్లు ఒడ్డు వెంట కలిశాక లోపల చేయి చాచితే వేళ్లు కనబడవు. అక్టోబరు, నవంబరు ఎలాగూ తుపాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. ఆ నెలల్లో టికెట్లు తీసుకున్నది నేనే.

కోపం వచ్చిన మాట నిజం. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాం, కళ్ల ముందు సముద్రం ఉంది, పక్కనే ఇంకో పడవ మనుషుల్ని ఎక్కించుకుని పోతోంది. మేం ఇచ్చిన ముందస్తు డబ్బు అరగంటలో ఫోనుకు తిరిగి వచ్చింది. ఆ రోజు బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసి, మూరీ మిక్చర్ తిని ఊరుకున్నాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ జలాంతర్గామి లోపల, తల వంచుకుని నడుస్తూ మా పిల్ల అన్నది: "పిన్నీ, డబ్బు తిరిగి ఇచ్చాడంటే మళ్లీ వీళ్ల దగ్గరికే రావాలి." ఆ పక్క పడవలో వెళ్లిన దంపతులు సాయంత్రం మాకు మళ్లీ కలిశారు. ఏం చూశారని అడిగితే, పచ్చగా ఉంది అన్నారు. అంతే.

జనవరిలో మళ్లీ అక్కడికే వెళ్లాం. ఈసారి వాళ్లు ముందు ఒక కాగితం ఇచ్చి ఉబ్బసం ఉందా, చెవికి ఆపరేషన్ అయిందా, గుండె జబ్బు ఉందా అని గీతలు కొట్టించారు. నడుం లోతు నీళ్లలో ముప్పావు గంట సాధన. తరువాత పడవలో పదిహేను నిమిషాలు. ఇద్దరికీ చెరో శిక్షకుడు. మనిషికి మూడున్నర వేలు.

చెవుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వెళ్లేవాళ్లలో చాలామంది వెనక్కి వచ్చేది అక్కడే. నీటిలో పది మీటర్లు దిగితే పీడనం రెట్టింపు అవుతుంది, అంటే చెవిలోని గాలి సగానికి నలుగుతుంది. ఇంకో పది మీటర్లు దిగితే మూడో వంతు అవుతుంది. బడిలో బాయిల్ సూత్రం చెప్పేటప్పుడు నేను గీసే గీతే ఇది. వక్రం మొదట్లోనే నిటారుగా పడుతుంది. కాబట్టి చెవులు గోల చేసేది పన్నెండు మీటర్ల దగ్గర కాదు, మొదటి మూడు నాలుగు మీటర్లలో. ముక్కు మూసి మెల్లగా ఊదుతూ ఉండాలి, నొప్పి రాకముందే ఊదాలి. మా పిల్లకు రెండు మీటర్ల దగ్గర కుడి చెవి పట్టేసింది. శిక్షకుడు దాన్ని ఒక మీటరు పైకి తీసుకువెళ్లి, ఆగి, మళ్లీ దింపాడు. ఇలా నాలుగుసార్లు. ఆ ఓపికకే నేను సగం డబ్బులు ఇస్తాను. ఇంకో సూత్రం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. బిగబట్టి పైకి వస్తే అదే గాలి ఊపిరితిత్తుల్లో రెట్టింపు చోటు అడుగుతుంది.

కింద ఏం కనబడింది? ముందే చెబుతున్నాను, అండమాన్ వీడియోలు చూసి వెళ్లకండి. ఆ రోజు మాకు అయిదారు మీటర్లకు మించి చూపు ఆనలేదు. లేత ఆకుపచ్చ వెలుతురు, అందులోంచి ఒక్కసారిగా ఇంటి గోడంత రాయి. రాయి నిండా ముళ్ల బంతుల్లా సముద్రపు ఉర్చిన్లు. ఒక సందులోంచి పాములాంటి ఈల్ చేప తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కోపం కాదు, అది ఊపిరి తీసుకునే పద్ధతే. జూలు విరబోసుకున్నట్టు రెక్కలు చాచిన లయన్ ఫిష్ ఒకటి కదలకుండా నిలబడింది. దాని ముళ్లలో విషం ఉంటుంది కాబట్టి శిక్షకుడు మా చేతులు వెనక్కి లాగాడు. నీటిలో అన్నీ మూడో వంతు పెద్దవిగా కనబడతాయి, కాబట్టి వెనక్కి వచ్చి చెప్పేటప్పుడు ఆ మేరకు తగ్గించి చెప్పాలి. మా పిల్ల గోళ్ల ఎర్ర రంగు మట్టి రంగులోకి మారిపోయింది. ఎరుపును నీరు ముందుగా మింగేస్తుంది. పాతికేళ్లుగా కాంతి పాఠం చెబుతూ నేను దాన్ని చూడటం అదే మొదలు.

మరుసటి రోజే చింతపల్లి. అక్కడ ఒడ్డుకు అవతల నీటి కింద రాళ్ల వరస ఉంది, ఓడలను హెచ్చరించడానికి దీపస్తంభం ఉంది. పాత ఓడ శిథిలాల కోసం శిక్షణ పొందిన డైవర్లు వెళతారు కానీ మాలాంటి వాళ్లను అటు తీసుకువెళ్లలేదు. పదునైన ఇనుము, తెగి చిక్కుకున్న వలలు ఉంటాయని చెప్పారు. రాళ్ల దగ్గరే దించారు. నీరు ఋషికొండ కంటే తేటగా ఉంది, మనుషులు లేరు. కానీ బట్టలు మార్చుకునే చోటు లేదు, మరుగుదొడ్డి కోసం ఊళ్లో ఒక ఇంటివాళ్లను బతిమాలుకున్నాం. ఆ ఇంటావిడ మజ్జిగ కూడా ఇచ్చి పంపింది. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఋషికొండతో సరిపెట్టుకోవడం మంచిది.

బస విషయంలో మొదటిసారి పొరపాటు చేశాం. ఆర్‌కే బీచ్ ఎదురుగా, సముద్రం కనబడే గది అని ఎక్కువ పెట్టి తీసుకున్నాం. కిటికీలోంచి కనబడింది నీళ్ల ట్యాంకు, దాని పక్కన వేలెడు సముద్రం. తెల్లవారుజామున అక్కడి నుంచి ఋషికొండకు ఆటో దొరకడానికి ముప్పై నిమిషాలు పట్టింది. రెండోసారి సాగర్‌నగర్‌లో మామూలు గది. పరుపు గట్టిది, వేడినీళ్లు బకెట్టుతో ఇచ్చారు, కానీ ఒడ్డు పక్కనే. తడి బట్టలు మేడ మీద ఆరేసుకోనిచ్చారు. డైవింగుకు వెళ్లేవాళ్లకు కిటికీ కంటే దండెం ముఖ్యం. నీళ్లలోకి దిగే ముందు తినడానికి రెండు ఇడ్లీలు చాలు, పూరీలు వద్దు. ఎందుకో పుదుచ్చేరి పడవలో నాకు తెలిసింది.

హైదరాబాదు వాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. శనివారం సముద్రం, ఆదివారం ఉదయాన్నే అరకు, సాయంత్రం విమానం. నీటి లోపల పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటకు పోవాలి. ఎత్తుకు ఎక్కితే బయట పీడనం తగ్గి, గోలీ సోడా కొట్టినట్టు బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదని చెబుతారు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఘాట్ రోడ్డు ఇంకా పైకి పోతుంది. అందుకే అరకు ముందు పెట్టుకోండి, సముద్రం చివర. తిరుగు ప్రయాణం రైలులో చేయండి. ఈ మాట మాకు చెప్పింది నవంబరులో వెనక్కి పంపిన ఆ కుర్రాడే.

నీటి తేట కావాలంటే పుదుచ్చేరి. ఇంకా కావాలంటే పడమటి తీరంలో మురుడేశ్వర్ నుంచి వెళ్లే నేత్రాణి దీవి. వచ్చే డిసెంబరుకు అటే అనుకుంటున్నాం. కానీ మొదటి మునక ఎక్కడ అని అడిగితే, డిసెంబరు నుంచి మార్చి మధ్యలో విశాఖ అనే అంటాను. ఒక రాత్రి రైలు ప్రయాణం, మన మాటలోనే చెప్పే శిక్షకుడు, కుదరకపోతే మళ్లీ వచ్చేంత దూరం. నోటికి రెగ్యులేటర్ పెట్టుకునే ముందు భయంగా ఉందని తెలుగులో చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

సోమవారం తెల్లవారుజామున వందే భారత్ ఎక్కాం. రాజమండ్రి వంతెన మీదికి వచ్చేసరికి మా పిల్ల నిద్ర లేచి కిటికీకి ముఖం ఆనించింది. జనవరి గోదావరి, ఇసుక తిన్నెల మధ్య నీలంగా, కదలనట్టుంది. "ఇక్కడ ఎంత లోతు ఉంటుంది పిన్నీ?" అంది. నేను అలవాటు కొద్దీ పర్సులోంచి రూపాయి బిళ్ల తీశాను. ఆ రైలులో కిటికీలు తెరుచుకోవు.