మాలా-ఎన్ ఆరేళ్లు వాడాక: ఆ ఏడు ఐరన్ మాత్రలు పారేయొద్దండి

గర్భం రాకుండా వేసుకునే మాలా-ఎన్ మాత్రల షీటులో నాకు అన్నిటికన్నా నచ్చినవి చివరి ఏడు ఐరన్ మాత్రలు. మా అనంతపురం పక్క చాలామంది పారేసేదీ వాటినే. ‘బలం మాత్రలే కదా’ అని 21 తెల్లవి అవగానే ఆపేసి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో వేళ్ల మీద లెక్కేస్తారు. లెక్క తప్పేది అక్కడే.

తెల్ల మాత్రలోని హార్మోన్లు అండం విడుదల కాకుండా ఆపుతాయి. ఏడు రోజులు అవి అందకపోయినా రక్షణ ఉంటుంది, కానీ ఆలోపే అండాశయం మెల్లగా మేలుకుంటూ ఉంటుంది. ఆ విరామం తొమ్మిది, పది రోజులకు సాగితే గర్భం వచ్చే అవకాశం ఉంది. షీటు మధ్యలో ఒకటి మరిచిపోవడం కన్నా కొత్త షీటు ఆలస్యం కావడమే ఎక్కువ ముప్పు. శెనక్కాయల పనుల్లోనో, జాతరకు పుట్టింటికి పోయినప్పుడో జరిగేది ఇదే. రోజూ మింగే అలవాటు తెగకుండా చూసేవి ఐరన్ మాత్రలు. అవి అయిపోయిన మర్నాడే కొత్త షీటు, నెలసరి ఇంకా ఆగకున్నా సరే. రెండు రోజులు, అంతకు మించి ఆలస్యమైతే తెల్లవి వరసగా ఏడు పడేదాకా కండోమ్ తప్పనిసరి.

అట్లని వాటినే రక్తహీనతకు మందు అనుకోకూడదు. ఒక్కోదాంట్లో ఫెర్రస్ ఫ్యూమరేట్ 60 మి.గ్రా., అందులో అసలు ఐరన్ సుమారు 20 మి.గ్రా. మాత్రమే. నీరసం తగ్గిందంటే చాలావరకు నెలసరిలో రక్తస్రావం తగ్గినందుకే.

మొదటి మూడు నెలలు వికారం, నెలసరుల మధ్యలో రక్తపు మరకలు మామూలే. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

నాకు బాధ కలిగించేది, బీపీ చూడకుండానే షీటు చేతిలో పెట్టడం. బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు, పాలిచ్చే బిడ్డకు ఆర్నెల్లు నిండనివాళ్లు ఇవి వాడకూడదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే మాత్ర సరిగా పనిచేయదు. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పుట్టినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ పూటే ఆస్పత్రికి పోవాలి. ఈ ముప్పు అరుదే, కానీ మొదటి ఏడాదిలో ఎక్కువ. నెలల తరబడి ఆపి మళ్లీ మొదలుపెట్టినా అంతే.

నాకు 33, బీపీ లేదు, ఇంట్లో ఎవరికీ రక్తం గడ్డకట్టే జబ్బు లేదు. అందుకే ఇప్పటికైతే ఇదే వాడతా.