అలస్కా క్రూజ్ బుక్ చేసుకునే మన గోదావరి జిల్లాల వాళ్లు అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

మన కోనసీమ, కాకినాడ వైపు నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు చాలామంది. ఈమధ్య వాళ్ల కోసమే హోటల్ హాళ్లలో మీటింగులు పెట్టి, స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి మరీ అలస్కా క్రూజ్ ప్యాకేజీలు అమ్ముతున్నారు. అలాంటి ఒక ఏజెంటు దగ్గర అమ్మానాన్నలతో కలిపి మా నలుగురికీ కొన్నాం. అమ్మేటప్పుడు చెప్పినదానికీ ఓడ ఎక్కాక దొరికినదానికీ పొంతన లేదు. రొయ్యల పంట డబ్బులు చేతికి రాగానే ఇలాంటి వాటికి అడ్వాన్సులు కట్టేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. హిమానీనదం (గ్లేసియర్) బొమ్మను బోర్డు మీద గీసి ఎన్నో బ్యాచ్‌ల పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. ఆయన అడిగింది ఒక్కటే, అలస్కాలోని గ్లేసియర్ బే అనే అఖాతం చూడాలని. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ ఓడలు అటు వెళ్లినప్పుడు ఆ బే దాదాపు అంతా మంచుతో మూసుకుని ఉంది. ఇప్పుడు ఆ మంచు వంద కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయి, అంత మేరా సముద్రపు నీరు నిలిచింది. అంత మార్పు జరిగిన చోటును కళ్లారా చూడాలని ఆయన కోరిక. "గ్లేసియర్ బే పక్కా మాస్టారూ, ఒక రోజంతా అక్కడే" అన్నాడు ఏజెంటు. బ్రోచర్ మీద ఉన్నదీ అక్కడి మార్జరీ గ్లేసియర్ ఫొటోనే. తీరా చూస్తే మా ఓడ వెళ్లే దారిలో గ్లేసియర్ బే లేనే లేదు.

గ్లేసియర్ బే నేషనల్ పార్క్ కాబట్టి పెద్ద క్రూజ్ ఓడలను రోజుకు రెండింటికి మించి లోపలికి రానివ్వరు. అనుమతి ఉన్న కంపెనీల ఓడలే వెళతాయి. పార్క్ రేంజర్లు ఓడలోకే వచ్చి అన్నీ వివరిస్తారు. మిగతా ఓడలు హబ్బర్డ్ గ్లేసియర్‌కో, ఎండికాట్ ఆర్మ్ అనే ఇరుకైన ఫియర్డ్‌లోకో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వెళతాయి. కొన్ని ఓడలైతే గ్లేసియర్ల దాకా వెళ్లవు, జూనో రేవులో దింపేస్తాయి. మెండెన్‌హాల్ గ్లేసియర్ చూడాలంటే అక్కడి నుంచి మన డబ్బుతో బస్సెక్కి వెళ్లాలి. ఈ ఏజెంట్లు వీటన్నిటికీ కలిపి 'గ్లేసియర్ వ్యూయింగ్' అని ఒకే మాట రాసి అమ్ముతారు.

మా ఓడ ఎండికాట్ ఆర్మ్‌లోకి వెళ్లింది. ఆరోజు నీళ్ల మీద మంచు ముక్కలు దట్టంగా ఉండటంతో, చివరన ఉన్న డాస్ గ్లేసియర్ కనిపించకముందే కెప్టెన్ ఓడను వెనక్కి తిప్పాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. మంచు, పొగమంచు ఉంటే దారి మార్చే హక్కు కెప్టెన్‌కు ఉందని క్రూజ్ కంపెనీ ఒప్పందంలోనే ఉంటుంది, దానికి డబ్బు వెనక్కి రాదు. కానీ ఆ సంగతి అమ్మేటప్పుడు చెప్పాలి కదా. నాన్న చలిలో డెక్ మీద నిలబడి, "ఇక ముందుకు పోదా?" అని అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు.

కాబట్టి ఏజెంటు దగ్గర ముందుగా ఓడ పేరు, బయల్దేరే తేదీ రాతపూర్వకంగా తీసుకోండి. ఆ రెండూ ఉంటే క్రూజ్ కంపెనీ సైట్‌లో రూట్ మొత్తం కనిపిస్తుంది. గ్లేసియర్ బేకి ఏ రోజు ఏ ఓడ వస్తుందో పార్క్ వాళ్లు కూడా తమ సైట్‌లో క్యాలెండర్ పెడతారు. పాత బ్రోచర్లలో ట్రేసీ ఆర్మ్ (ఎండికాట్ ఆర్మ్ దగ్గరే ఉన్న మరో ఫియర్డ్) అని ఉంటే మరీ గట్టిగా అడగండి. 2025 ఆగస్టు 10న అక్కడ కొండచరియ విరిగిపడి సునామీ వచ్చింది, ఆ తర్వాత కొన్ని కంపెనీలు ఆ రూట్ మార్చుకున్నాయి.

జంతువుల విషయంలోనూ ఇంతే. బ్రోచర్‌లో తెల్ల ధ్రువపు ఎలుగుబంటి, పెంగ్విన్లు ఉన్నాయి. ఈ ఓడలు తిరిగే ఆగ్నేయ అలస్కాలో ధ్రువపు ఎలుగుబంట్లు ఉండవు, అవి ఎక్కడో ఉత్తరాన ఆర్కిటిక్ తీరంలో ఉంటాయి. పెంగ్విన్లు అలస్కాలోనే ఉండవు. ఆ రెండు బొమ్మలు కనిపిస్తే ఆ బ్రోచర్ తయారు చేసినవాళ్లకు అలస్కా గురించి ఏమీ తెలియదని అర్థం. నిజంగా ఉండేవి హంప్‌బ్యాక్ తిమింగలాలు, ఓర్కాలు, మంచు ముక్కల మీద పడుకునే సీల్‌లు, తెల్ల తల గద్దలు. హంప్‌బ్యాక్‌లు చలికాలం హవాయి వైపు గడిపి, వేసవిలో మేత కోసం ఇక్కడికి వస్తాయి. పెద్ద ఓడ డెక్ మీద నుంచి చూస్తే చాలాసార్లు దూరంగా నీటి చిమ్ము మాత్రమే కనిపిస్తుంది. దగ్గరగా చూడాలంటే జూనోలో చిన్న బోటు ఎక్కాలి, అదీ తిమింగలానికి 100 గజాల దూరంలోనే ఆగాలి. ప్యాకేజీలో ఆ బోటు ఉందని మాకు నోటితో చెప్పారు. అక్కడికి వెళ్లాక లేదన్నారు, నలుగురికీ మళ్లీ డాలర్లలో కట్టాం. తిమింగలాలు కనిపించాయి, అమ్మ ఆ సంతోషం ఇంకా చెబుతూనే ఉంది. అయినా ఎవరైనా 'గ్యారంటీగా చూపిస్తాం' అంటే నమ్మకండి. మన కోరింగ మడ అడవుల్లో పడవెక్కిన వాళ్లకు నీటిపిల్లి కనిపిస్తుందని ఎవరు రాసివ్వగలరు? ఇదీ అంతే.

గది గురించి కూడా చెప్పాలి. సముద్రం కనిపించే గది అని డబ్బు తీసుకున్నారు. కిటికీ ఉంది, కానీ దానికి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతోంది. అలాంటి గదులను క్రూజ్ కంపెనీయే తక్కువ ధరకు అమ్ముతుంది, మాకు మాత్రం మామూలు ధర వేశారు. గది నంబరు తీసుకుని డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటంలో) చూసుకుంటే ఇది ముందే తెలిసిపోతుంది. రోజువారీ టిప్పులు, వైఫై చాలా ఓడల్లో విడిగా కట్టాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం వీసా. అదే ఏజెంటు దగ్గర కొన్న రావులపాలెం వైపు దంపతులను సియాటిల్ టెర్మినల్‌లోనే ఆపేశారు. అమెరికా వీసా చాలని వాళ్లకు చెప్పారట. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవుల మధ్య మాత్రమే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఉంది. అందుకే సియాటిల్‌లో మొదలై సియాటిల్‌కే వచ్చే ఓడ కూడా విక్టోరియా లాంటి కెనడా రేవులో ఆగుతుంది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా ఉండాలి, ఓడ దిగకపోయినా సరే. ఆ పెద్దవాళ్లు సూట్‌కేసులతో వెనక్కి తిరగాల్సి వచ్చింది, కట్టిన డబ్బు ఇంతవరకు రాలేదు.

ఇక డబ్బు. క్రూజ్ కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబరు మొదటి అడ్వాన్స్ కట్టగానే అడగండి. దానితో సైట్‌లోకి వెళితే మన పేరు, గది అన్నీ కనిపించాలి. మా ఏజెంటు మొత్తం కట్టాకే ఇస్తానన్నాడు, అప్పటిదాకా సొంత లెటర్‌హెడ్ కాగితంతోనే నెట్టుకొచ్చాడు. టీసీఎస్ (విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) అని వసూలు చేసిన మొత్తం మా పాన్ మీద 26ఏఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ చూపించే పన్ను ఖాతాలో, పడలేదు. మీరు కట్టి ఉంటే ఇప్పుడే చూసుకోండి.

మేం 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇలాంటి మీటింగులో మీరూ కొని నష్టపోయి ఉంటే వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు, బ్రోచర్, యూపీఐ రసీదులు ఏవీ డిలీట్ చేయకండి. 'గ్లేసియర్ బే పక్కా' అన్న వాయిస్ నోటు ఇప్పుడు మా దగ్గర ఉన్న ముఖ్యమైన సాక్ష్యం.