యాడ్-ఆన్ మొరాయించినప్పుడు: సమీక్ష రాయాలా, లోపాన్ని నివేదించాలా?

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో రోజూ వాడే యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రామ్) హఠాత్తుగా పనిచేయడం మానేస్తే, దాని పేజీలో సమీక్ష రాయాలా, తయారుచేసిన డెవలపర్‌కు లోపాన్ని నేరుగా నివేదించాలా అన్న సందేహం చాలామందికి కలుగుతుంది.

ఖర్చు: రెండూ ఉచితమే.

శ్రమ: సమీక్షకు ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థ ఖాతా, కొన్ని నిమిషాలు చాలు. నివేదికలో బ్రౌజర్, యాడ్-ఆన్ వెర్షన్లతో పాటు, ఏయే పనులు చేస్తే లోపం మళ్లీ కనిపిస్తుందో వరుసగా రాయాలి. తరచుగా గిట్‌హబ్ (డెవలపర్లు కోడ్‌ను ఉంచి, లోపాల నివేదికలు స్వీకరించే వెబ్‌సైట్) ఖాతా కూడా కావాలి.

ఫలితం: అసలు తేడా ఇక్కడే ఉంది. సమీక్ష తరువాత వచ్చే వాడుకరి కోసం. డెవలపర్ దానికి జవాబివ్వగలిగినా, లోపం మూలాన్ని పట్టుకోవడానికి అవసరమైన ప్రశ్నోత్తరాలు అక్కడ సాగవు. సాంకేతిక సమస్యలను సమీక్షలలో రాయవద్దని మొజిల్లా మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. "పనిచేయట్లేదు" అన్న ఒక్క మాట ఎవరికీ ఉపయోగపడదని నా దృఢమైన అభిప్రాయం.

నష్టభయం: లోపం సరిదిద్దాక కూడా సమీక్షలో ఇచ్చిన ఒంటి నక్షత్రం రేటింగ్ అలాగే నిలిచిపోయి, తీరిక వేళల్లో శ్రమించే డెవలపర్‌కు అన్యాయం చేస్తుంది, కనుక రాసినవారు దాన్ని తప్పక సవరించాలి. నివేదికకు జతచేసే స్క్రీన్‌షాట్లలో మన ఈమెయిల్ వంటి వివరాలు బయటపడవచ్చు.

నిన్నటివరకు బాగున్నది ఇవాళ చెడితే నివేదికే తగినది. కొన్ని వారాలు వాడి, అది ఏ పనికి సరిపోతుందో, ఏ అనుమతులు కోరుతుందో, ఎక్కడ నెమ్మదిస్తుందో తెలిసినవారు సమీక్ష రాయాలి. నివేదించిన లోపం నెలల తరబడి అలాగే ఉంటే, ఆ సంగతిని తేదీతో సహా సమీక్షలో చేర్చడం సమంజసమే.