చిక్కడపల్లి సందులో ప్రెస్, మా అమ్మమ్మ పాటల పుస్తకం

అమ్మమ్మ నోటుబుక్కులో రాసుకున్న పెళ్లిపాటలు, మంగళహారతులు అన్నీ టైప్ చేసి పోయినేడు పీడీఎఫ్‌గా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టా, అందరూ దండాలు పెట్టారు గానీ తెరిచి పాడినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఈసారి పుస్తకమే వేయిద్దామని చిక్కడపల్లిలో ఓ చిన్న ప్రెస్‌కి వెళ్లా. డెమ్మీ సైజు (మామూలు కథల పుస్తకమంత), 96 పేజీలు, 100 కాపీలు.

ప్రెస్ ఆయన నా ఫైల్ తెరవగానే "లైన్ల మధ్య జాగా ఏదమ్మా?" అన్నారు. నిజమే, తెలుగులో గుడులు పైకెళ్తాయి, వత్తులు కిందికి దిగుతాయి, "లక్ష్మి" కింద మ వత్తు వెళ్లి కింది లైన్లో గుడిని గుద్దుకుంటోంది, ఫోన్‌లో జూమ్ చేసుకుని చదివే నాకు ఇన్నాళ్లూ అది కంటపడనే లేదు. మండలి ఫాంట్ పెట్టి, జాగా పెంచి, పాట మధ్యలో పేజీ తిప్పే పని లేకుండా సర్దారు. ఈ ఒక్క పనికే ఆయనకి ఎంతిచ్చినా తక్కువే అనిపించింది నాకు.

100 కాపీలకి ఆఫ్‌సెట్ ప్లేట్లు (ఎక్కువ కాపీలు వేయడానికి చేయించే అచ్చు రేకులు) దండగని ఆయనే చెప్పి, ప్లేట్లు అక్కర్లేని డిజిటల్‌లో వేశారు. బైండింగ్ మాత్రం గమ్‌తో వద్దన్నారు, చేతిలో హారతి పళ్లెం ఉంటే పుస్తకం దానంతటదే తెరుచుకుని ఉండాలి కదా అని. 16 పేజీల ఫారాలు (మడతపెట్టిన కాగితాల కట్టలు) ఆరు, దారంతో కుట్టారు. ఖర్చు కాస్త ఎక్కువైంది, కానీ పీట మీద పెడితే పేజీ మూసుకుపోవట్లేదు. తళతళలాడే తెలుపు కాకుండా లేత పసుపు ఛాయ ఉండే నేచురల్ షేడ్ కాగితం, అమ్మమ్మ కళ్లకి హాయిగా ఉంది.

నచ్చనివీ చెప్తా. 4 రోజులు లేటు. ఫోన్‌లో మెరిసిన చిలకపచ్చ అట్ట మీద మాసినట్టొచ్చింది, స్క్రీన్ వెలుగుతో చూపించే రంగులు కొన్ని సిరాలో రావట, ఆ మాట ముందే చెప్పుంటే వేరే రంగు ఎంచుకునేదాన్ని.

మీరెవరైనా వెళ్తే ప్రూఫు (అచ్చుకి ముందు తప్పులు చూసుకోమని ఇచ్చే కాపీ) ఇంట్లో పెద్దవాళ్లతో పాడించి చూశాకే ఓకే చెప్పండి. 41వ పేజీలో ఒక దీర్ఘం పోయింది, నేనే చూసుకోలేదు. అమ్మమ్మ పెన్ను పట్టుకుని కూర్చుని 100 కాపీల్లోనూ తనే దిద్దింది, దిద్దిన ప్రతిసారీ ఆ లైను పాడుకుంటూ.