ఒకే ఫైలు, దానికి అడ్డొచ్చే 4 జీబీల గోడ: మూడేళ్ల కివిక్స్ వాడకం

కివిక్స్ అంటే ఏమిటో, ఎక్కడ దొరుకుతుందో ఇక్కడ చెప్పబోవడం లేదు. నెట్ లేని చోట వికీపీడియా చదివించే ఉచిత సాఫ్ట్‌వేర్ అని ఈ సమీక్ష తెరిచినవాళ్లకు తెలిసే ఉంటుంది. మూడేళ్లు తరగతి గదిలో వాడాక కూడా దాని మీద మోజు తగ్గకపోవడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే: అంతా ఒకే ఫైలులో ఉంటుంది. వ్యాసాలు, బొమ్మలు, లింకులు, వెతకడానికి కావలసిన సూచిక, అన్నీ కలిపి ఒక్క జిమ్ (ZIM) ఫైలు. దాన్ని మెమరీ కార్డులోకి కాపీ చేసి ఇస్తే గ్రంథాలయం ఇంకొకరి చేతికి చేరినట్టే.

దీని విలువ తెలియాలంటే ఏదైనా వెబ్‌సైట్‌ను పేజీలు పేజీలుగా దాచుకుని చూడాలి. లక్ష పేజీలంటే లక్ష చిన్న ఫైళ్లు. మెమరీ కార్డు స్థలాన్ని ముక్కలుగా పంచుతుంది. ముక్క పరిమాణం 32 కేబీ అయితే 3 కేబీల పేజీ కూడా 32 కేబీలు తినేస్తుంది. అలా 300 ఎంబీల సరుకు కార్డులో 3 జీబీల దాకా ఆక్రమిస్తుంది. కాపీ గంటల తరబడి సాగుతుంది, మధ్యలో నాలుగు ఫైళ్లు జారిపోయినా ఎవరికీ తెలియదు. జిమ్‌లో అయితే వ్యాసాలను గుంపులుగా కలిపి కుదించి పెడతారు. మనం అడిగిన వ్యాసం ఉన్న గుంపునే యాప్ విప్పుతుంది, ఫైలంతా విప్పదు. చిరునామాల పట్టిక వరుసక్రమంలో ఉంటుంది కాబట్టి సగానికి సగం తగ్గించుకుంటూ వెతుకుతుంది. కోటి పద్దులున్నా 24 పోలికల్లో కావలసినది దొరుకుతుంది. పాత ఫోనులో కూడా పేజీ టక్కున తెరుచుకునేది అందుకే.

ఇంతగా మెచ్చుకున్న ఆ ఒకే ఫైలు దగ్గరే అసలు చిక్కు వచ్చింది. నేను దించుకున్న జిమ్ ఫైలు సుమారు 6 జీబీలు. కార్డు 32 జీబీలది, అందులో 20 జీబీలకు పైగా ఖాళీ. ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి కాపీ పెడితే సగం దాటాక ఆగిపోయింది. కార్డులో చూస్తే ఫైలు పేరు సరిగ్గానే ఉంది, యాప్ మాత్రం దాన్ని తెరవదు. మళ్లీ కాపీ చేసినా సరిగ్గా అక్కడే ఆగింది. ఇలాంటప్పుడు అందరూ ముందు కేబుల్‌ను అనుమానిస్తారు, తర్వాత కార్డును, ఆ తర్వాత దించుకున్న ఫైలును. మూడింటిలోనూ తప్పు లేదు.

తప్పు కార్డు ఫార్మాట్‌లో ఉంది. 32 జీబీల దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి. అందులో ఒక ఫైలు పొడవును 32 బిట్లలో రాస్తారు, కాబట్టి ఏ ఒక్క ఫైలూ 4,29,49,67,295 బైట్లను దాటకూడదు. అంటే 4 జీబీలకు ఒక బైటు తక్కువ. కార్డులో ఎంత ఖాళీ ఉన్నా ఈ హద్దు మారదు. కార్డును రీడర్‌లో పెట్టి నేరుగా కంప్యూటర్ నుంచి కాపీ చేస్తే ఫైలు మరీ పెద్దదని విండోస్ మొదట్లోనే చెబుతుంది. ఫోను మీదుగా కాపీ చేసినప్పుడు ఆ మాట స్పష్టంగా రాకపోవచ్చు. మొండెం లాంటి ఫైలు మిగులుతుంది. ఆ మొండేన్ని యాప్ తెరవకపోవడం మంచిదే అని తర్వాత అర్థమైంది: జిమ్ ఫైలు చివరి 16 బైట్లలో దాని చెక్‌సమ్, అంటే ఫైలు చెడిందో లేదో తేల్చే సంఖ్య, ఉంటుంది, అది ఎక్కడ ఉండాలో ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది. పొడవు తేడా వస్తే తెరిచే ముందే నిరాకరిస్తుంది.

దారులు మూడు. కార్డును ఈ 4 జీబీల హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మార్చడం మొదటిది. కార్డులో ఉన్నదంతా వేరే చోటికి తీసి పెట్టి, రీడర్‌లో పెట్టి, ఫార్మాట్‌లో ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకుని, ముక్క పరిమాణాన్ని ఉన్నదున్నట్టు వదిలేయాలి. 64 జీబీలు, అంతకు పైబడిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లోనే వస్తాయి. పెన్‌డ్రైవ్‌ల విషయంలో ఆ నమ్మకం పెట్టుకోవద్దు, పెద్దవి కూడా ఫ్యాట్32లో వస్తుంటాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో రాత మధ్యలో కార్డు లాగేస్తే కోలుకునే ఏర్పాటు బలహీనం, అందుకే ప్రతిసారీ ఎజెక్ట్ నొక్కాకే తీయాలి. రెండో దారి, ఎక్స్‌ఫ్యాట్ చదవలేని పాత ఫోన్లకు: జిమ్ పనిముట్లలో ఉండే జిమ్‌స్ప్లిట్‌తో ఫైలును ముక్కలు చేయడం. ముక్కకు 2 జీబీలు పెట్టుకుంటే నిశ్చింత. ముక్కల పేర్ల చివర ఏఏ, ఏబీ, ఏసీ అని వస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, పేరులో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, తెరవాల్సింది ఏఏ ముక్కను. ఒక్క ముక్క తగ్గినా పని జరగదు. మూడో దారి అన్నిటికన్నా సులువు, చాలామంది చివర్లో గుర్తు చేసుకునేది: చిన్న కూర్పు తీసుకోవడం. మ్యాక్సీలో అన్నీ ఉంటాయి, నోపిక్‌లో పూర్తి పాఠం ఉండి బొమ్మలు ఉండవు, మినీలో వ్యాసాల తొలి భాగం మాత్రమే ఉంటుంది. తెలుగు వికీపీడియా మ్యాక్సీ ఈ హద్దుకు చాలా దిగువన ఉంటుంది, దానికి ఈ తిప్పలేవీ లేవు. ఇంగ్లిష్ మ్యాక్సీ దాదాపు 100 జీబీల స్థాయిది. వీడియోలున్న సంపుటాలు కూడా హద్దును సులభంగా దాటేస్తాయి.

తెరుచుకుంది కదా అని ఫైలును నమ్మేయకూడదు. పెద్ద ఫైళ్లను ముక్కలుగా దించే టొరెంట్ ప్రోగ్రామ్‌లలో చాలావరకు ముందుగానే పూర్తి పరిమాణానికి చోటు కేటాయించేసుకుంటాయి. సగమే దిగిన ఫైలు కూడా పొడవులో పూర్తిగా ఉన్నట్టే కనిపిస్తుంది. అలాంటిది కాపీ చేస్తే కొన్ని వ్యాసాలు వస్తాయి, కొన్నిటి దగ్గర ఖాళీ తెర. సామర్థ్యం అబద్ధంగా చూపించే నకిలీ కార్డులతోనూ ఇదే జరుగుతుంది. విరుగుడు షా-256 హ్యాష్, అంటే ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని తయారయ్యే వేలిముద్ర లాంటి సంఖ్య. డౌన్‌లోడ్ దగ్గరే ప్రతి ఫైలుకూ దాని హ్యాష్ దొరుకుతుంది. కంప్యూటర్‌లో ఒకసారి, కార్డులోకి చేరాక మరోసారి సరిచూడాలి. రెండోసారి చూసే ముందు కార్డు తీసి మళ్లీ పెట్టడం ముఖ్యం. లేకపోతే కంప్యూటర్ తన జ్ఞాపకంలో మిగిలినదాన్నే చదివి అంతా సరిగ్గా ఉందని చెప్పేస్తుంది.

ఫోను విషయంలో ఇంకొకటి. ఆండ్రాయిడ్ 11 నుంచి వచ్చిన నిల్వ అనుమతుల నియమాల వల్ల ప్లే స్టోర్ నుంచి వేసుకున్న యాప్ కార్డులో ఎక్కడపడితే అక్కడున్న జిమ్ ఫైళ్లను తనంతట తాను వెతికి తెరవలేదు. ఫైళ్లు కార్డు ద్వారానే పంచే ఉద్దేశం ఉంటే కివిక్స్ సొంత వెబ్‌సైట్‌లో దొరికే యాప్ పూర్తి కూర్పు వేసుకోవడం మేలు.

వెతుకులాట గురించి మొదట్లో నేను అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి, ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను. ఇంగ్లిష్‌లో బహువచనంతో వెతికినా ఏకవచనం ఉన్న వ్యాసం పట్టుబడుతుంది, పదాన్ని మూలరూపానికి కుదించి చూసే నియమాలు ఉండటం వల్ల. తెలుగు పదాలకు అలాంటి కుదింపు జరగడం కనిపించదు. నది, నదులు, నదిలో, నదికి, నదీతీరం దానికి వేర్వేరు పదాలే. ప్రత్యయాలు పదానికే అతుక్కుపోయే మన భాషకు ఇది చిన్న లోటు కాదు. ‘కిరణజన్య సంయోగక్రియ’ను ‘సంయోగ క్రియ’ అని విడగొట్టి టైపు చేసినా ఫలితాలు మారతాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి పదాల్లో కంటికి కనిపించని విరామ అక్షరం ఉండటం, లేకపోవడం కూడా తేడా తెస్తుంది. మా దగ్గర పనికొచ్చిన పద్ధతి: వ్యాసం శీర్షికలోని మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టి, కింద వచ్చే సూచనల్లోంచి ఎంచుకోవడం. పాఠానికి కావలసిన శీర్షికలను వ్యాసంలో ఉన్న వర్ణక్రమంతోనే ఒక కాగితం మీద రాసి ఇస్తే పిల్లల సమయం చాలా మిగులుతుంది.

ఫోను హాట్‌స్పాట్ ద్వారా మిగతావాళ్లకు చూపించడం బాగుంటుంది, చిన్న గుంపుకు. ఫోనులో జిమ్ ఫైలును (యాప్ దీన్ని పుస్తకం అంటుంది) హోస్ట్ చేస్తే, అంటే పక్క ఫోన్లకు అందుబాటులో పెడితే, ఒక చిరునామా చూపిస్తుంది, చివర 8080 అనే పోర్టు సంఖ్యతో. ఆ సంఖ్య వదిలేస్తే పేజీ రాదు. ముందు హెచ్‌టీటీపీ అని మాత్రమే ఉండాలి, బ్రౌజర్ తనంతట తాను చివర ఎస్ చేర్చినా రాదు. అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మొబైల్ డేటా: ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించగానే ఫోను డేటా వైపు దూకేస్తుంది, అక్కడ మన చిరునామా ఉండదు. డేటా ఆపేసి, ‘ఇంటర్నెట్ లేకపోయినా కనెక్ట్ అయి ఉండు’ అన్నదాన్ని ఒప్పుకోవాలి. ఫోను హాట్‌స్పాట్‌లు సాధారణంగా 8 నుంచి 10 పరికరాల దగ్గర ఆగిపోతాయి. తరగతి మొత్తానికి కావాలంటే వేరే రౌటర్, దానికి తగిలించిన కంప్యూటర్‌లో ఇదే పని చేసే కివిక్స్-సర్వ్ ప్రోగ్రామ్ పెట్టుకోవాలి. నెట్ కనెక్షన్ లేకపోయినా రౌటర్ తన పని తాను చేస్తుంది.

ప్రింటు తీసి పంచేటప్పుడు లైసెన్సు వరుస మరచిపోకండి. వికీపీడియా పాఠ్యం సీసీ బై-ఎస్‌ఏ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంటుంది. వ్యాసం పేరు, ఎక్కడిదో, లైసెన్సు పేరు కింద ఒక వరుసలో రాయాలి, మార్పులు చేస్తే ఆ సంగతీ చెప్పి అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఖాన్ అకాడమీ వీడియోలకు వ్యాపార వినియోగం కూడదన్న షరతు అదనంగా ఉంది, రుసుము తీసుకుని నడిపే శిక్షణల్లో వాడే ముందు ఆలోచించాలి.

నా వాడకం అంతా చదివించడం, బొమ్మలు చూపించడం, పదాలు వెతికించడం చుట్టూనే తిరుగుతుంది. నెట్ వస్తూ పోతూ ఉండే ఒకే గది, హ్యాష్ సరిచూడటానికి చేతిలో ఒక కంప్యూటర్. ఈ స్థితిలో ఉన్నవాళ్లకు కివిక్స్ ధైర్యంగా చెబుతాను. ఎవరు ఏ ప్రశ్నకు ఏ జవాబిచ్చారు, ఎంతవరకు చదివారు అన్న లెక్క కావాలంటే ఇది చాలదు. ఆ పనికి ఖాతాలు, అభ్యాసాలు, ఉపాధ్యాయుల పట్టికలతో నెట్ లేకుండా నడిచే కోలిబ్రి ఉంది. దానికి అమరిక ఎక్కువ, చేతికి కార్డు ఇచ్చి పంపేంత తేలిక కాదు. నెట్ ఎప్పుడూ ఉండే చోట అయితే కివిక్స్‌కు అంత శ్రమ పడాలో లేదో మీరే చూసుకోండి.

ఒక్క ఫైలు కావడం వల్ల వచ్చే మరో భారం కూడా లెక్కలో వేసుకోండి: మారిన పేజీలను మాత్రమే దించుకునే వీలు లేదు, కొత్త కూర్పు కావాలంటే మొత్తం మళ్లీ దించాలి. కూర్పు ఏ సంవత్సరం, ఏ నెలదో ఫైలు పేరులోనే ఉంటుంది. తెలుగు ఫైలును ఆరు నెలలకోసారి, పెద్దవాటిని ఏడాదికోసారి మారుస్తున్నాను. కొత్తదాని హ్యాష్ సరిపోయి, కార్డులోంచి ఒక పది వ్యాసాలు బొమ్మలతో సహా తెరుచుకున్నాకే పాతదాన్ని తీసేస్తున్నాను.