నిమ్మగడ్డి, టీ ట్రీ, లవంగం, నీలగిరి: ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

ముందు తీర్పు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. సుగంధ తైలాలు క్రిముల్ని చంపుతాయా అంటే, చంపుతాయి. అందులో నాకు సందేహం లేదు. కాకపోతే నూనె తగినంత చిక్కగా ఉండాలి, క్రిమి ఉన్న చోట నేరుగా తగలాలి, కాసేపు అక్కడే నిలవాలి. ఈ మూడింట్లో ఏది లోపించినా మనకి మిగిలేది వాసన ఒక్కటే. నేను కొన్న సీసాల్లో ఏది పనికొచ్చింది, ఏది దండగైంది అన్నది చివరికి ఈ లెక్క మీదే తేలింది.

మాది కాకినాడ. సముద్రపు గాలి, ఏడాదిలో చాలా భాగం చెమ్మ. వానలు మొదలైతే బీరువాలో బట్టలు ముక్కిపోతాయి, బాత్రూమ్ టైల్స్ సందుల్లో నల్లగా బూజు పడుతుంది, వంటింటి గట్టు తుడిచే గుడ్డ సాయంత్రానికి కంపు కొడుతుంది. ఫినాయిల్ ఘాటు తగిలితే మా అత్తయ్యకి ఆయాసం వస్తుంది. అలా మొదలైంది ఈ నూనెల వాడకం. ఇప్పుడు పిల్లలకి అందని పై అరలో అయిదారు సీసాలు ఎప్పుడూ ఉంటాయి.

మా ఇంట్లో ఎక్కువ ఖర్చయ్యేది నిమ్మగడ్డి నూనె. ఇందులో నూటికి 70 నుంచి 80 వంతుల దాకా సిట్రాల్ అనే పదార్థం ఉంటుంది, ఆ వాసనా దానిదే, క్రిముల మీద పనిచేసేదీ అదే. బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొర కొవ్వు అణువులతో అల్లినది. ఈ నూనెలు నీళ్ళలో కలవవు గానీ కొవ్వులోకి తేలిగ్గా చొరబడతాయి. పొరలో దూరి దాన్ని వదులు చేసేస్తే లోపల ఉండాల్సిన లవణాలు బయటికి కారిపోయి కణం చచ్చిపోతుంది. బూజు మీదా దాదాపు ఇదే తంతు. గ్రామ్ నెగెటివ్ జాతి బ్యాక్టీరియాకి మాత్రం బయట ఇంకో పొర అడ్డం ఉంటుంది కాబట్టి అవి మొండిఘటాలు. తడి సింకుల్లో కాపురముండే సూడోమోనాస్ వాటిలో మరీ మొండిది.

1999లో ఆస్ట్రేలియా పరిశోధకులు 52 రకాల మొక్కల నూనెల్ని, సారాల్ని పది రకాల క్రిముల మీద పరీక్షించారు. రెండు శాతం లోపు గాఢతలో ఆ పదింటినీ ఆపగలిగినవి మూడే: నిమ్మగడ్డి, ఓరెగానో (పిజ్జా మీద చల్లే ఆకు), బే (వెస్టిండీస్ వైపు పెరిగే ఒక చెట్టు ఆకు). మన పొలాల్లో పండే గడ్డి ఆ జాబితాలో ఉండటం చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. అదే సమయంలో ఆ 'రెండు శాతం' అన్న మాట దగ్గర ఆగి లెక్క కట్టుకున్నాను. పది లీటర్ల బకెట్‌లో ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల నూనె వేస్తే అయ్యేది 0.05 శాతం. రెండు శాతానికి అది నలభయ్యో వంతు. కాబట్టి నేల తుడిచే నీళ్ళలో వేసే నూనె క్రిముల్ని తుడిచిపెట్టేస్తుందని నేను చెప్పను. ఇల్లు హాయిగా వాసన వస్తుంది, ఈగలు కాస్త తగ్గుతాయి, అత్తయ్యకి ఆయాసం రావట్లేదు. నాకు ఆ పాటి చాలు, అందుకే ఆ పని మానలేదు. మురికిని వదలగొట్టేది మాత్రం సబ్బూ, గుడ్డా, చేతి బలమూ.

కలిపే పద్ధతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే నూనె వృథా చేస్తారు. నూనె తిన్నగా బకెట్‌లో పోస్తే పసుపురంగు బొట్లుగా పైన తేలి, గుడ్డ ముంచగానే ఒక మూలకి అంటుకుపోతుంది. నేల మీద ఒకచోట జిడ్డు, మిగతా అంతా వట్టి నీళ్ళు. చిన్న గిన్నెలో అంట్లు తోమే లిక్విడ్ రెండు చెంచాలు పోసి, అందులో నూనె వేసి బాగా గిలకొట్టి, తర్వాత గోరువెచ్చటి నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. తెల్లగా పాలలాగా అవుతుంది. అప్పుడు బకెట్‌లో పోస్తే అంతటా సమంగా కలుస్తుంది.

నూనె నిజంగా సత్తా చూపించింది బాత్రూమ్ టైల్స్ సందుల్లో. 100 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో 2 మిల్లీలీటర్ల నిమ్మగడ్డి నూనె కలిపి గాజు స్ప్రే సీసాలో పోసుకుంటాను. తడి ఆరాక నల్లటి గీతల మీద కొట్టి, పావుగంట వదిలేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను. ఉత్తి సబ్బుతో కడిగిన గోడ మీద వానాకాలంలో బూజు వారంలో తిరిగొచ్చేది. ఇలా చేసిన గోడ మీద చాలా ఆలస్యంగా వస్తోంది. కొట్టగానే నలుపు పోతుందనుకోకండి, బూజు చచ్చినా దాని రంగు గోడకి పట్టి ఉంటుంది, రుద్దితేనే వదులుతుంది. స్పిరిట్ అంటుకునే సరుకు గనక గ్యాస్ గీజర్ వెలుగుతుండగా, స్టవ్ పక్కన వాడొద్దు. మెత్తటి ప్లాస్టిక్ సీసాలో పోయొద్దు, నూనెకి ప్లాస్టిక్ ఉబ్బి జిగురు కడుతుంది. ఇక మరుగుదొడ్డి గిన్నెకి బ్లీచింగ్ పౌడరే. అక్కడ సుగంధ తైలం పోయడం డబ్బు పారబోయడమే.

నిమ్మగడ్డి గురించి ఇంకో సంగతి. నేను నూనె కొనే రైతు దగ్గర పొలంలోనే బట్టీ ఉంది. కోసిన గడ్డిని డ్రమ్ములో కూరి ఆవిరి పట్టిస్తారు, ఆవిరి చల్లబడి నీళ్ళయ్యాక పైన నూనె తేరుకుంటుంది. టన్ను పచ్చిగడ్డికి అయిదారు కిలోల నూనె దిగితే మంచి దిగుబడి. నూనె తీసుకున్నాక మిగిలే నీళ్ళకీ అదే వాసన. ఆయన ప్రేమగా ఒక క్యాను నిండా ఇచ్చి "ఊరికే పారబోస్తామండీ, తీసుకెళ్ళండి" అన్నాడు. కొన్ని వారాలకి ఆ క్యాను అడుగున తెల్లటి తీగలు తేలుతూ కనిపించాయి. క్రిముల్ని చంపే నూనెతో పాటు పుట్టిన నీళ్ళలోనే బూజు! వాసన మాత్రం ఘుమఘుమలాడుతూనే ఉంది. గాఢత ఎంత ముఖ్యమో నాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. 'హైడ్రోసోల్' అని పేరు పెట్టి ఆ నీళ్ళనే క్రిమిసంహారిణిగా అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త.

టీ ట్రీ నూనె మన నేలది కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ చిత్తడి నేలల్లో పెరిగే చెట్టు ఆకు నుంచి తీస్తారు. అక్కడి ఆదివాసులు తరతరాలుగా ఆ ఆకు నలిపి వైద్యానికి వాడేవారు. 1920లలో సిడ్నీలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని పరీక్షించి, అప్పట్లో ఆసుపత్రుల్లో వాడే కార్బాలిక్ ఆమ్లం కంటే ఇదే ఎన్నో రెట్లు బలమైనదని చెప్పాడు. పనిచేసే పదార్థం టెర్పినెన్-4-ఆల్, మంచి నూనెలో అది కనీసం 30 శాతం ఉండాలి.

ఇంట్లో దీన్ని రెండింటికి వాడాం. మావారు పొద్దస్తమానం బూట్లు వేసుకుని ఉండే ఉద్యోగం. కాలివేళ్ళ సందులు ఒరిసి, తెల్లగా నాని, దురద. కొబ్బరినూనెలో పదో వంతు టీ ట్రీ కలిపి రోజూ రాత్రి రాశాం. దురద తగ్గింది, వాసన పోయింది, చర్మం ఆరింది. ఆపేసిన కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు. అప్పుడు వెతికితే కారణం దొరికింది. 1992లో 104 మంది మీద 10 శాతం టీ ట్రీ క్రీమునీ, టోల్నాఫ్టేట్ అనే మందునీ, ఉత్తి క్రీమునీ పోల్చి చూశారు. బాధ తగ్గడంలో టీ ట్రీ మందుకి దీటుగా నిలిచింది. ఫంగస్ పూర్తిగా పోయినవాళ్ళు మాత్రం మందుతో 85 శాతం, టీ ట్రీతో 30 శాతం, ఉత్తి క్రీముతో 21 శాతం. మా ఇంట్లో జరిగిందీ అచ్చం అదే. తర్వాత 25, 50 శాతం గాఢతతో చేసిన ప్రయోగంలో ఫలితం మెరుగ్గానే వచ్చింది గానీ కొందరికి చర్మం రేగింది. మావారికి చివరికి చర్మ డాక్టరు రాసిన క్లోట్రిమజోల్‌తో పూర్తిగా నయమైంది. ఇప్పుడు టీ ట్రీ బూట్ల లోపలికే, స్పిరిట్‌లో కలిపి కొట్టి ఎండలో పెడతాం. వాసన రానివ్వదు.

రెండోది మా పెద్దమ్మాయి చుండ్రు. ఇక్కడ మాత్రం మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. 5 శాతం టీ ట్రీ షాంపూని నాలుగు వారాలు వాడితే చుండ్రు 41 శాతం తగ్గిందనీ, ఉత్తి షాంపూతో 11 శాతమేననీ 2002లో ఒక ప్రయోగం తేల్చింది. మార్కెట్లో టీ ట్రీ బొమ్మ వేసి అమ్మే షాంపూల్లో ఎంత శాతం ఉందో చాలావాటి మీద రాయరు. మేం వాసన లేని షాంపూ కొని, తలంటుకునే ముందు అరచేతిలో కావలసినంత పోసుకుని, కొలిచి కలుపుతాం. 20 చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు, కాబట్టి 10 మిల్లీలీటర్ల షాంపూకి 10 చుక్కలు. తల మీద మూడు నిమిషాలు ఉంచి కడగాలి. రాసీ రాయగానే కడిగేస్తే లాభం లేదు.

లవంగ నూనె గురించి తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది! అందులోని యూజినాల్ క్రిముల్నీ అణుస్తుంది, నరాన్నీ మొద్దుబారుస్తుంది. పళ్ళ డాక్టర్లు తాత్కాలికంగా పన్ను నింపే ముద్దలో జింక్ ఆక్సైడ్‌తో పాటు కలిపేది ఈ యూజినాల్‌నే, ఆ క్లినిక్‌లో అడుగుపెట్టగానే వచ్చే వాసన అదే. దూది ఉండకి ఒక చుక్క అద్ది నొప్పి ఉన్న పన్ను మీద పెడితే నిమిషాల్లో ఉపశమనం. మా డాక్టరమ్మ మాత్రం గట్టిగా చెప్పింది: "నొప్పి పోయిందని ఊరుకోకండమ్మా, లోపల చీము పడుతూనే ఉంటుంది. రాత్రి గడవడానికి నూనె, పొద్దున్నే నా దగ్గరికి." చిగుళ్ళకి తిన్నగా పూస్తే కాలి తెల్లటి పొర లేస్తుంది.

వాము పువ్వు గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. ఆయుర్వేద దుకాణంలో అడిగితే పంచదార పలుకుల్లా ఇస్తారు, అది థైమాల్. మౌత్‌వాష్‌లలో వేస్తారు, అమెరికాలో థైమాల్‌తో చేసిన క్రిమిసంహారక ద్రవాలకి ప్రభుత్వ గుర్తింపు కూడా ఉంది. సుగంధ తైలాల్లో ఫినాల్ జాతి పదార్థాలే అన్నిటికంటే బలమైనవి, ఇది ఆ జాతిదే. వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం మూడూ సమంగా సీసాలో వేసి మూత పెడితే, చుక్క నీరు తగలకుండానే కాసేపట్లో కరిగి నూనెలా అయిపోతాయి. పిల్లలకి చూపించండి, ఎంత ఆశ్చర్యపోతారో. చెత్తబుట్ట కడిగాక స్పిరిట్‌లో దీన్ని కలిపి తుడుస్తాను. కడుపులోకి మాత్రం వైద్యుడు చెప్పకుండా వద్దు.

నీలగిరి తైలం మా అత్తయ్యది. కాశీనాథుని నాగేశ్వరరావు గారి అమృతాంజనం, హైదరాబాద్ జిందా తిలిస్మాత్ అలవాటైన ముక్కులకి ఆ ఘాటు తగలకపోతే జలుబు తగ్గినట్టే ఉండదు. ఆవిరి పట్టినప్పుడు ఊపిరి ఆడినట్టనిపించే మాట నిజమే. జలుబు క్రిమి మాత్రం దానికి చావదు. చిన్నపిల్లలు పొరపాటున కొద్దిగా మింగినా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది, పసివాళ్ళ ముక్కు దగ్గర పూయనే వద్దు.

వీటన్నిట్లో దండగ ఖర్చు ఎలక్ట్రిక్ డిఫ్యూజర్. గదిలో గాలి శుద్ధి అవుతుందని అమ్మారు. గ్లాసుడు నీళ్ళలో పది చుక్కలు వేసి గదంతా పొగమంచులా వదిలితే ఆ గాలిలో నూనె ఎంత ఉంటుంది? ముందు చెప్పిన లెక్క ప్రకారం చూసినా తేలిపోతుంది. పైగా అత్తయ్య దగ్గు ఎక్కువైంది. పిల్లుల శరీరం ఈ పదార్థాల్ని మనలా అరిగించి బయటికి పంపలేదు, ముఖ్యంగా టీ ట్రీ వాటికి విషం. ఇంట్లో పిల్లి ఉంటే డిఫ్యూజర్ ఆలోచన మానుకోండి.

కొనేటప్పుడు నేను చూసేవి: మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు, ముదురు రంగు గాజు సీసా. ఒకే కంపెనీ గంధం, నిమ్మగడ్డి, గులాబీ అన్నీ ఒకే ధరకి అమ్ముతోందంటే ఆ సరుకు ముట్టుకోను, అసలు నూనెల ధరల్లో వందల రెట్ల తేడా ఉంటుంది. తెల్లకాగితం మీద చుక్క వేసి చూసే పరీక్ష వంటనూనె కల్తీని పట్టిస్తుంది గానీ రసాయన కల్తీని పట్టించదు. ఆన్‌లైన్‌లో ఒకచోట కొన్న టీ ట్రీ మూడు నెలలకే టర్పెంటైన్ వాసన కొట్టింది, తిప్పి పంపుతామంటే జవాబే లేదు. గాలి, వెలుతురు తగిలి పాతబడిన టీ ట్రీ ఒంటికి పడక దద్దుర్లు తెస్తుంది. కొత్త నూనె అయినా కొబ్బరినూనెలో కలిపి ముందు మోచేతి మడతలో రాసి, ఒక రోజు ఆగి చూడాలి. సీసా తెరిచిన రోజే తేదీ రాసి అంటిస్తాను. ఏడాది దాటిన టీ ట్రీని ఒంటికి రాయం, బూట్లకీ చెత్తబుట్టకీ వాడేస్తాం.