అరిజోనా ఎడారిలో చలికాలం ఆర్‌వీ బస: చాలా సీజన్లు ఉన్నాక రాస్తున్న సమీక్ష

నవంబర్ నుంచి మార్చి దాకా ఆర్‌వీలో (లోపలే పడక, వంటగది ఉండే ఇల్లులాంటి బండి) ఉండటానికి యూమా, క్వార్ట్‌సైట్, టూసాన్ మూడూ మంచి చోట్లే. కానీ పార్కు వెతికేటప్పుడు చాలామంది స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్ ఫొటోలు చూసి డబ్బు కట్టేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది సైటు (పార్కులో బండి నిలిపే చోటు) పక్కనుండే కరెంటు పెట్టె, నీళ్ల కుళాయి. పగటి ఎండ ఏ పార్కులోనైనా ఒకటే, ఇరవై డిగ్రీల చుట్టూ హాయిగా ఉంటుంది. డిసెంబర్‌లో ఐదున్నర, ఆరుకల్లా పొద్దుగూకుతుంది. అక్కడి నుంచి దాదాపు 14 గంటల రాత్రి. మంచి పార్కో కాదో తేలేది అప్పుడే.

30 ఆంపుల సైటు అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు, అంతకు మించి రాదు. 50 ఆంపుల సైటులో రెండు లైన్లు వస్తాయి కనుక 12,000 వాట్లు. 1,500 వాట్ల గది హీటరు ఒక్కటే పన్నెండున్నర ఆంపులు లాగుతుంది. పక్కన 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే ఇంకో 15. వాటర్ హీటరు కూడా కరెంటు మీదే నడుస్తుంటే బ్రేకరు పడిపోతుంది. 30 ఆంపుల బండిలో వంట చేసేంతసేపు హీటరు ఆపేయాలి, లేదా వంట గ్యాసు మీదే కానివ్వాలి. వేరే దారి లేదు.

పార్కులో దిగగానే పెట్టె మూత తీసి సాకెట్ రంధ్రాలు దగ్గరగా చూడండి. రంధ్రం అంచున గోధుమరంగు మరక ఉన్నా, ప్లాస్టిక్ కాస్త వంగినట్టు కనిపించినా, ప్లగ్గు పెడితే వదులుగా కదిలినా ఆ సైటు వద్దని చెప్పి మార్పించుకోండి. వదులుగా ఉన్న సాకెట్‌లో నిప్పురవ్వలు వచ్చి ముందు మీ ప్లగ్గు కాళ్లే నల్లబడతాయి. ప్లగ్గు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ బ్రేకరు ఆపి ఉండాలి. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ ఇక్కడ సరిపోదు. వోల్టేజి తగ్గినా కరెంటును తనంతట తాను ఆపేసే ఈఎంఎస్ అనే రక్షణ పరికరం కొనండి. సాధారణంగా అది 104 వోల్టుల కింద, 132 వోల్టుల పైన లైన్ కట్ చేస్తుంది. పాత పార్కుల్లో సాయంత్రం అందరూ ఒక్కసారే హీటర్లు వేసేసరికి వోల్టేజి దిగిపోతుంది. ఆ తక్కువ వోల్టేజికి దెబ్బతినేది ఏసీ కంప్రెసర్, మైక్రోవేవ్. హీటరును పవర్ స్ట్రిప్‌కు తగిలించకూడదు. నేరుగా గోడ సాకెట్‌కే పెట్టి, అరగంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. కాలుతుంటే ఆ సాకెట్ వాడొద్దు.

రోజు లెక్క, వారం లెక్క అద్దెల్లో కరెంటు సాధారణంగా కలిసే ఉంటుంది. నెల లెక్కన తీసుకుంటే చాలాచోట్ల మీటరు వేరు. హీటరు రాత్రికి 10 గంటలు తిరిగితే 15 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లనుకున్నా రోజుకు రెండుంపావు డాలర్లు, నెలకు 67. దిగిన రోజే మీటరు రీడింగ్ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక ప్రొపేన్, అంటే సిలిండరు గ్యాసు. గ్యాలన్‌కు సుమారు 91,500 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి వస్తుంది. 30 పౌండ్ల సిలిండర్‌లో 7 గ్యాలన్లు పడతాయి. బండిని వేడిచేసే 30,000 బీటీయూల గ్యాసు ఫర్నేస్ దానితో 21 గంటలు మండుతుంది. ఆగుతూ ఆగుతూ రాత్రికి నాలుగైదు గంటలు మండినా సిలిండరు నాలుగైదు రోజులకు ఖాళీ. యూమాలో జనవరి రాత్రులు సగటున 8 డిగ్రీల దగ్గర ఆగుతాయి. టూసాన్ ఎత్తు మీద ఉంది కనుక చలి ఎక్కువ, కొన్ని రాత్రులు సున్నాకు దిగుతుంది. అక్కడికి వెళ్లేవాళ్లు గ్యాసు ఖర్చు ఎక్కువే వేసుకోవాలి. నేను ఎప్పుడూ ఇచ్చే సలహా: పడుకునేదాకా కరెంటు హీటరు, తెల్లవారుజాము చలికి ఫర్నేస్. చాలా బండ్లలో ఫర్నేస్ గాలి అడుగు భాగానికి కూడా వెళ్తుంది కనుక ట్యాంకులు, పైపులు గడ్డకట్టవు. గ్యాసు పొయ్యి వెలిగించి గది వేడి చేసుకోవడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం తేదీ దాటిపోలేదని చూసుకోండి.

సున్నా డిగ్రీలు రావచ్చని చెప్పిన రాత్రి బండి మంచినీళ్ల ట్యాంకు నింపుకుని, బయటి గొట్టం విప్పి నీళ్లు వంచేసి, బండి పంపు మీద గడపండి. కుళాయి దగ్గర ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి, 45–50 పీఎస్ఐ చాలు.

అసలు చిక్కు నీళ్ల కాఠిన్యంతో. కొలరాడో నది నీళ్లు, ఎడారి బోరు నీళ్లు రెండూ గట్టివే. ఈ నీళ్లలో కందిపప్పు ఎంతకీ మెత్తబడదు, కుక్కర్ అడుగున తెల్లటి పొర కడుతుంది, షవర్ రంధ్రాలు పూడిపోతాయి. గ్యాలన్‌కు 20 గ్రెయిన్ల కాఠిన్యమున్న చోట 8,000 గ్రెయిన్ల చిన్న సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తీసే పరికరం) 400 గ్యాలన్లకే అలసిపోతుంది. తర్వాత మెత్తటి ఉప్పు పోసి సన్నటి ధారతో కడిగితే మళ్లీ పనిచేస్తుంది. రాళ్ల ఉప్పు వద్దు, కరగడం ఆలస్యం. తాగడానికి, పప్పుకీ టీకీ ఊళ్లో ఆర్‌ఓ నీళ్లు పట్టుకోండి. వాటర్ హీటరు ట్యాంకు ఉక్కుదైతే లోపల ట్యాంకుకు బదులు తాను తుప్పుపట్టే యానోడ్ రాడ్ ఉంటుంది. సీజను మొదట్లో విప్పి చూసి, బాగా తినేసి ఉంటే మార్చేయండి. ట్యాంకు నిండకుండా కరెంటు స్విచ్ వేస్తే ఎలిమెంట్ అక్కడికక్కడే మాడిపోతుంది.

బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు) వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి, మూడింట రెండొంతులు నిండాకే వదలాలి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి మలం అడుగున గట్టిపడిపోతుంది, దాన్ని కదిలించడం నరకం. మన వంటల నూనె, పులుసు అడుగు సింకులో పోయకుండా కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. తాలింపు పెట్టే ముందు పైకప్పు ఫ్యాను వేసి, ఒక కిటికీ కాస్త తెరవండి. లేకపోతే మిరపకాయ ఘాటు పరుపుల దాకా పడుతుంది, పొగ అలారం మోగుతుంది, అన్నం ఆవిరి చల్లటి అద్దాల మీద నీళ్లై పరుపు కింద బూజు పుట్టిస్తుంది.

గాలిని తక్కువ అంచనా వేయొద్దు. బండి వదిలి వెళ్లినా, పడుకున్నా ఆనింగ్ (బండి పక్కన పరిచే నీడ గుడ్డ) చుట్టేయాల్సిందే. దుమ్ము లేచిన రోజు లోపలే ఉండండి, ఫీనిక్స్, టూసాన్ వైపు ఆ మట్టిలో వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఫంగస్ ఉంటుంది. ప్యాక్ ర్యాట్ అనే అడవి ఎలుకలు ఇంజన్ వైర్లు కొరికేస్తాయి. రాత్రి బానెట్ ఎత్తి పెట్టి, కింద చిన్న లైటు వెలిగిస్తే చాలావరకు రావు. బండి అడుగున పైపులు దూరే కంతల్లో స్టీల్ ఊల్ కుక్కండి.

పార్కు ఖర్చు వద్దనుకుంటే క్వార్ట్‌సైట్ పక్కన లా పోసాలో ప్రభుత్వ భూమి ఉంది. ఆ భూమిని చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ బీఎల్ఎం వాళ్ల దీర్ఘకాల పర్మిట్ సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చెల్లుతుంది. చాలా ఏళ్లపాటు అది 180 డాలర్లు, 14 రోజులకైతే 40 ఉండేది. కట్టేముందు ఒకసారి సరిచూసుకోండి. నీళ్లు, ట్యాంకు ఖాళీ చేసే చోటు, చెత్త తొట్టి ఉంటాయి, సైటు దగ్గర కరెంటు ఉండదు. డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కనుక కప్పు మీద పడుకోబెట్టిన సోలార్ పలకలు సగం పనే చేస్తాయి. దక్షిణానికి వాల్చాలి. ఫర్నేస్ ఫ్యాను 12 వోల్టుల మీద ఏడెనిమిది ఆంపులు తింటుంది, బ్యాటరీ ఆ లెక్కన ఉండాలి. జనవరిలో ఆర్‌వీ షో జరిగే రోజుల్లో క్వార్ట్‌సైట్‌లో నీళ్లకీ గ్యాసుకీ బారులు తీరతారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు రెండు మాటలు. యూమాలో చాలా పార్కులు 55 ఏళ్లు దాటినవాళ్లకే, పిల్లలు అతిథులుగా ఎన్ని రోజులు ఉండొచ్చో ముందే అడగండి. యూమా నుంచి క్వార్ట్‌సైట్ వెళ్లే 95వ నంబరు రోడ్డు మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంది, అందరి పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) కాగితాలు చేతికందేలా పెట్టుకోండి.